తాళాల బోర్డు మారిన నెల

మా కాలేజీలో తాళంచెవులు ఇచ్చే కిటికీ గేటు దాటగానే ఎడమచేతి వైపు ఉంటుంది. కిటికీ వెనక చిన్న గది, ఆ గదిలో గోడంతా పరుచుకున్న చెక్క బోర్డు, బోర్డుకు మూడు వందల నలభై ఆరు కొక్కేలు. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ కొక్కేల ముందు నిలబడుతున్న మనిషిని మేమంతా తాళాల బాబాయి అంటాం. పాఠాలు చెప్పేవాళ్లూ అలాగే పిలుస్తారు, వినేవాళ్లూ, ఆఫీసులో పనిచేసే నాలాంటివాళ్లూ అలాగే పిలుస్తారు. ఈ ఏడాదితో ఆయనకు అరవై ఒకటి నిండాయి.

ఆయన ఎవరి ముఖంలోకీ చూసి మాట్లాడరు. అడిగినవాళ్ల చేతిని చూస్తారు. "ఏ గది?" అంటారు. చెప్పడమే ఆలస్యం, తాళంచెవి మన అరచేతిలో ఉంటుంది. "బాగున్నారా బాబాయ్?" అని మాటవరసకు అడిగితే నిజంగానే ఆలోచించి, "మోకాలు బాగాలేదు. మిగతావి బాగున్నాయి" అంటారు. కొత్తవాళ్లు పొగరనుకుంటారు. వారం తిరిగితే గానీ తెలియదు, ఆయన వానలో తడిసి వచ్చినవాళ్లకు తాళంచెవి తుడిచి ఇస్తారని, ఎడమచేతివాటం ఉన్న ల్యాబు అటెండరుకు ఎడమ పక్కనుంచే అందిస్తారని. ఎవరూ చెప్పి చేయించినవి కావు ఇవి. దేవుడు ఒక్కొక్కరి చేత ఒక్కో తీరున మంచి చేయిస్తాడు. ఈయన చేత మాటలు లేకుండా చేయిస్తున్నాడని నేననుకునేదాన్ని.

పోయిన నెల మొదట్లో ఆయన పన్ను తీయించుకోవడానికి రెండు రోజులు సెలవు పెట్టారు. మొదటిరోజే కాలేజీ అతలాకుతలమైంది. ఏ చెవి ఏ గదిదో ఎవరికీ తెలియలేదు. చెవుల మీద అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి. కొక్కేల మీద అసలు లేనే లేవు. ఈమధ్యే వచ్చిన సూపరింటెండెంటు మంచివాడు, పని తెలిసినవాడు. ఆ సాయంత్రం చొక్కా చేతులు మడిచి, అటెండర్లను వెంటబెట్టుకుని తెల్లవార్లూ ప్రతి చెవినీ తలుపు తలుపుకీ పెట్టి చూసి, గది నంబర్ల వరుసలో బోర్డంతా కొత్తగా సర్దాడు. ప్రతి కొక్కెం కింద చిన్న నంబరు బిళ్ల కూడా అతికించాడు. పెద్దాయనకు ఇకనుంచి సుఖంగా ఉంటుందని అతని ఉద్దేశం.

బాబాయి తిరిగి వచ్చిన రోజు మొదటి తప్పు ఎనిమిదీ పదికి జరిగింది. కెమిస్ట్రీ ల్యాబు అడిగితే డ్రాయింగు హాలుది ఇచ్చారు. మధ్యాహ్నానికి తొమ్మిది తప్పులయ్యాయి. చెయ్యి ముందుకు చాచి, గాలిలో ఆపి, అలాగే నిలబడిపోయేవారు. ముప్పై ఎనిమిదేళ్లలో ఆ చెయ్యి ఆగడం ఎవరమూ చూడలేదు.

"ఒంట్లో బాగాలేదా తమ్ముడూ?" అని ఊడ్చే అక్క అడిగింది. ఆమె ఆయనకంటే ఏడాది పెద్దది, పదవీ విరమణ మాట ఎత్తితే చీపురు ఎత్తే రకం.

"ఒక పన్ను లేదు. మిగతావి ఉన్నాయి."

అందరం గుసగుసలాడుకోవడం మొదలుపెట్టాం. ఏడాదిగా ఆయన కాస్త నెమ్మదించిన మాట నిజం. గొడుగు రెండుసార్లు మరిచిపోయారు. ఒకసారి కిటికీ మూసి ఇంటికి బయలుదేరి, మూశానా లేదా అని సగం దారినుంచి వెనక్కి వచ్చారు. అవన్నీ ఇప్పుడు గుర్తుచేసుకుని, పాపం, మతిమరుపు వచ్చేసిందని తీర్మానించేశాం. నేనూ తల ఊపాను.

సూపరింటెండెంటు చాలా మర్యాదగానే చెప్పాడు. "నెలాఖరు దాకా చూద్దాం బాబాయ్. అప్పటికీ ఇలాగే ఉంటే గేటు దగ్గర కుర్చీ వేయిస్తాను. జీతానికేం ఢోకా లేదు. హాయిగా కూర్చోండి."

"కూర్చుని ఏం ఇవ్వాలి?"

"ఏమీ ఇవ్వక్కర్లేదు."

ఆ మధ్యాహ్నం ఆయన అన్నం డబ్బా మూత తీయలేదు. ఆ కిటికీ పోతే ఆయనకు మనుషులతో ఉన్న ఒక్క మాటా పోయినట్టే.

తర్వాతి సంగతి ఆయన చెల్లెలు చెప్పగా విన్నాను. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. ఆమె బడిలో వంట చేసి రిటైరైంది. భయపడి అన్నను డాక్టరమ్మ దగ్గరకు తీసుకువెళ్లింది. డాక్టరమ్మ ఐదు మాటలు చెప్పింది: చెంబు, రైలు, ఎరుపు, గొడుగు, వంతెన. "ఐదు నిమిషాల తర్వాత అడుగుతాను, చెప్పాలి" అంది. ఈలోగా ఫోను వచ్చింది. మాట్లాడి, "ఆ, ఇప్పుడు చెప్పండి" అంటే ఈయన నోరు మెదపలేదు. రెండోసారి అడిగినా అంతే. డాక్టరమ్మ ఏదో రాసుకుంది.

బయటికొచ్చి మెట్ల మీద కూలబడి చెల్లెలు కళ్లు తుడుచుకుంది. "ఒక్కటైనా గుర్తు రాలేదా అన్నయ్యా?"

"చెంబు, రైలు, ఎరుపు, గొడుగు, వంతెన."

"మరి లోపల చెప్పావు కాదేం!"

"ఐదు నిమిషాలకు అడుగుతానన్నారు. ఏడు నిమిషాలకు అడిగారు. అది వేరే పరీక్షేమో అనుకున్నాను."

ఆమె అన్న చెయ్యి పట్టుకుని మళ్లీ లోపలికి లాక్కుపోయింది. డాక్టరమ్మ ముందు నవ్వింది. తర్వాత నవ్వు ఆపి క్షమించమంది. కుర్చీ దగ్గరకు జరుపుకుని, చిన్నప్పటినుంచీ ఆయన ఎలా ఉండేవారో గంటసేపు అడిగింది. ఒకే కంచం, ఒకే దారి, పెద్ద చప్పుడైతే చెవులు మూసుకోవడం, ఎవరైనా హాస్యమాడితే అర్థం కాక నిలబడిపోవడం.

"దీన్ని ఆటిజం అంటారమ్మా. జబ్బు కాదు, పుట్టుకతో వచ్చిన తీరు. ఆయన చిన్నతనంలో ఈ పేరు ఎవరికీ తెలియక ఉండిపోయింది."

"మేం మొండివాడనుకున్నాం డాక్టరమ్మా. అరవై ఏళ్లు అదే అనుకున్నాం."

"తాళాలు ఎందుకు తప్పుతున్నాయండీ?" అని డాక్టరమ్మ ఆయన్నే అడిగింది.

"బోర్డు మార్చారు."

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఉద్యోగంలో చేరిన ఏడాది ఆయన భవనాలన్నీ కాలినడకన తిరిగి, ఏ తలుపు తర్వాత ఏ తలుపు వస్తుందో అదే వరుసలో చెవులు తగిలించారట. గది పేరు వినగానే మనసులో అక్కడిదాకా నడిచి వెళ్తారు. చెయ్యి ఆ కొక్కెం మీదికి వెళ్తుంది. ఇప్పుడు నడిచి వెళ్తే అక్కడ వేరే తలుపు ఉంటోంది.

"ఈ మాట ఆఫీసులో చెప్పొచ్చు కదా అన్నయ్యా?"

"ఎవరూ అడగలేదు. మార్చినవాళ్లకు తెలుసు కదా."

ఆ వరుస అందరికీ తెలిసిందేనని ముప్పై ఎనిమిదేళ్లుగా ఆయన నమ్మకం. అక్కడ వరుసంటూ ఏమీ లేదని మా అందరి నమ్మకం.

డాక్టరమ్మ ఉన్నమాటే చెప్పింది. వయసు ఆయన్ని కొంచెం నెమ్మది చేసింది, అది అబద్ధం కాదు, ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి. కానీ మెదడు అరవైలో కూడా కొత్తది పట్టుకుంటుంది. పాతికేళ్లప్పటి వేగం ఉండదు, రోజూ కొంచెం కొంచెం చేయాలి. "మొదటిసారి ఎలా నేర్చుకున్నారు?" అంది. "నడిచి." "అయితే మళ్లీ నడవండి."

చెల్లెలు వచ్చి సంగతి చెప్పగానే సూపరింటెండెంటు ముఖం చిన్నబోయింది. "ఆదివారం వచ్చి బోర్డు మునుపటిలాగే పెట్టేస్తాను బాబాయ్. ఎలా ఉండేదో చెప్పండి చాలు."

బాబాయి ఒక రోజంతా ఆలోచించి జవాబిచ్చారు. "వద్దు. నేను రాని రోజు తలుపులు తెరుచుకోలేదు. నాకింకా ఇరవై ఆరు పళ్లున్నాయి." కొంచెం ఆగి, "నెలాఖరుకు చూస్తానన్నారు. నెలాఖరుకే చూడండి" అన్నారు.

ఆ రోజునుంచి సాయంత్రం ఐదయ్యాక ఆయన నడక మొదలైంది. ఒకటో నంబరు గదినుంచి వరుసగా. మా కాలేజీలో గదులకు కట్టిన క్రమంలో నంబర్లు వేశారు. పన్నెండు కింద ఉంటే పదమూడు మేడ మీద, పద్నాలుగు అవతలి భవనంలో. ఆయన ప్రతి తలుపు ముందూ ఆగి, గొళ్లెం తాకి, మళ్లీ మెట్లెక్కేవారు. మోకాలు బాగాలేని మనిషి ఒక్కరే తిరగడమెందుకని ఊడ్చే అక్క కూడా వెంట నడిచేది, చీపురు చంకలో పెట్టుకుని.

"ఈ నంబర్లేసినాయన మెట్ల మీద ఏదైనా పారేసుకున్నాడంటావా తమ్ముడూ? ఇన్నిసార్లు ఎక్కించి దించుతున్నాడు!"

"నాకు తెలియదు. ఆయన చనిపోయారు."

"అందుకే బతికిపోయాడు" అనేది అక్క.

రోజుకు పాతిక తలుపులు. ఒక్కో సాయంత్రం నిన్నటివి సగం జారిపోయేవి. అప్పుడు ఏమీ అనకుండా మళ్లీ ఒకటో గది దగ్గరకు వెళ్లేవారు. నేను ఇంటికి పోతూ వరండాలో ఆ రెండు జతల అడుగుల చప్పుడు వినేదాన్ని. ఒకటి సమంగా, ఒకటి ఈడుస్తూ. అందరి ముందూ తల ఊపినందుకు నాకు సిగ్గు వేసేది. పొద్దున ప్రార్థనలో ఆయన పేరు కూడా చేర్చుకున్నాను. కిటికీ దగ్గర వరుసలో నిలబడ్డవాళ్లు క్రమంగా మాట్లాడటం మానేశారు. మధ్యలో పలకరిస్తే ఆయన మనసులో నడిచే దారి తెగిపోతుందని అక్క ఒక్కొక్కరికీ చెప్పి పెట్టింది.

నెలాఖరు రోజు సూపరింటెండెంటు వచ్చి తాళాల గదిలో స్టూలు వేసుకుని కాగితం పట్టుకు కూర్చున్నాడు. మా ఆఫీసు కిటికీలోంచి నాకు అంతా కనిపిస్తూ, వినిపిస్తూనే ఉంది. చెవి అడిగాక మునుపటిలా రెప్పపాటులో రావడం లేదు. బాబాయి కళ్లు సగం మూసుకునేవారు, పెదవులు కదిలేవి, చెయ్యి నెమ్మదిగా లేచేది. కొక్కెం అందాక బిళ్ల మీద నంబరు ఒకసారి చూసి ఇచ్చేవారు. ప్రిన్సిపాలు కూడా పలకరించకుండా, చేతులు కట్టుకుని వరుసలో నిలబడ్డారు. మధ్యాహ్నానికి ఎనభై నాలుగు చెవులు వెళ్లాయి.

"రెండు తప్పులు బాబాయ్" అన్నాడు సూపరింటెండెంటు, కాగితం చూస్తూ.

"నాలుగు. రెండుసార్లు చెయ్యి వేరే దానిమీదికి వెళ్లి వెనక్కి వచ్చింది. అవీ తప్పులే."

గుమ్మంలో అక్క ఊడ్చిన చోటే మళ్లీ ఊడుస్తోంది.

సూపరింటెండెంటు కాగితం నాలుగు మడతలు పెట్టాడు. "ఒక మాట చెప్పనా? మీ సెలవు రెండో రోజు ఈ కిటికీలో నేనే కూర్చున్నాను. బిళ్లలు నేనే అతికించాను, నంబర్లు చదువుకుంటూనే ఇచ్చాను. సాయంత్రానికి పదకొండు తప్పులు. ఎవరికీ చెప్పలేదు."

"పదకొండు ఎక్కువ" అన్నారు బాబాయి.

"ఎక్కువే."

"మరి గేటు దగ్గర కుర్చీ?"

"అది నాకే వేయించుకుంటాను."

"మీకు ఆఫీసులో ఒకటి ఉంది కదా" అన్నారు బాబాయి, పాపం, నిజమేననుకుని. అక్క చీపురు వదిలేసి గోడకానుకుని నవ్వింది. సూపరింటెండెంటు స్టూలు ఎత్తుకుని బయటికి నడిచాడు, తలుపు చప్పుడు కాకుండా దగ్గరకు వేశాడు. అప్పటికి కిటికీ అవతల ఇద్దరు చేరారు. బాబాయి ముందున్నవాళ్ల చేతిని చూసి, "ఏ గది?" అన్నారు.