దోన్యా ఎదువీహెస్ ఐదు మాటల ఇంగ్లీషు

దోన్యా ఎదువీహెస్ తమాయో అమెరికాలో మా యాకిమా లోయలో ఇరవై రెండేళ్లుగా యాపిల్ పళ్లు ఏరుతోంది. షెడ్డులో బెల్టు మీద కదిలి వచ్చే పళ్లలోంచి దెబ్బతిన్నవీ, పురుగు పట్టినవీ తీసి పక్కన పడేయడం మా ఇద్దరి పని. ఆమె కూతురు నెరేయిదాని జ్ఞానస్నానం నాడు జ్ఞానతల్లిగా ఎత్తుకుని నిలబడ్డది నేనే. అప్పటినుంచి మేము ఒకరినొకరం కొమాద్రే అని పిలుచుకుంటాము. మిగతా అందరికీ ఆమె దోన్యా, అంటే పెద్దమ్మగారు.

మా స్పానిష్‌లో ఆమె నోరు తెరిస్తే ఆపడం ఎవరి తరమూ కాదు. పొద్దున బెల్టు కదలగానే వాళ్ల మేనత్త పెళ్లి కథ ఎత్తుకునేది. భోజనం గంట కొట్టేసరికి పెళ్లికూతురు ఇంకా తల దువ్వుకుంటూనే ఉండేది. అదే ఇంగ్లీషులోకి వచ్చేసరికి, "యాపిల్ బ్యాడ్. బెల్ట్ స్టాప్. ఐ బాత్రూమ్." అంతే. ఇరవై రెండేళ్లు దాంతోనే నెట్టుకొచ్చింది.

అరవై ఒకటో ఏట ఏం పుట్టిందో, చర్చి కింది గదిలో శనివారాలు జరిగే ఇంగ్లీషు క్లాసుకు నన్నూ లాక్కుపోయింది. చెప్పేది మిస్ లోర్నా. ముప్పై ఏళ్లు ఇంటింటికీ ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. ఆవిడ బోర్డు మీద ఐదు మాటలు రాసింది. ఆండ్, బట్, ఆర్, సో, బికాజ్.

"మీ అందరికీ మాటలు వచ్చు. వాటిని కలపడమే రాదు," అంది.

దోన్యా ఎదువీహెస్ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "చూశావా కొమాద్రే! ఇన్నేళ్లూ నా పళ్లెంలో బీన్సు ఉంది, మాంసం ఉంది, మిరపకాయ ఉంది. చుట్టుకోడానికి టోర్టియా రొట్టె ఒక్కటే లేదు."

సోమవారం మేస్త్రీ కర్టిస్ బెల్టు దగ్గరకు వచ్చి, ఆ పండు ఎందుకు పారేశావని అడిగాడు. మామూలుగా అయితే "బ్యాడ్" అని ఊరుకునేది. ఆ రోజు నడుం నిటారుగా పెట్టి, "యాపిల్ చెడ్డది, బికాజ్ లోపల పురుగు ఉంది, ఆండ్ పురుగు హ్యాపీ, బట్ నువ్వు హ్యాపీ కాదు, సో నేను పారేశా," అంది. కర్టిస్ ఆ పండునీ ఆమెనీ మార్చి మార్చి చూసి, పక్క బెల్టు దగ్గరకు వెళ్లిపోయాడు.

అన్నీ అంత సాఫీగా సాగలేదు. తర్వాతి వారం జ్వరం తగిలితే కర్టిస్‌కి ఫోన్ చేసి, "నాకు జ్వరం, సో నేను వస్తున్నా," అంది. ఆయన గేటు దగ్గర కాపు కాసి మరీ వెనక్కి పంపాడు. శనివారం ఈ సంగతి విని మిస్ లోర్నా నవ్వు ఆపుకోలేకపోయింది.

"జ్వరం ఉన్నా వస్తానంటే అక్కడ 'బట్' పెట్టాలమ్మా. 'సో' పెడితే జ్వరం ఉంది కాబట్టే వస్తున్నా అని అర్థం."

"అదేగా నేనన్నది! ఇంట్లో పడుకుంటే నాకు జ్వరం ఇంకా పెరుగుద్ది. అందుకే వస్తానన్నా. మీ బట్‌లో ఇదంతా ఎక్కడ పడుతుంది?"

మిస్ లోర్నా బోర్డు తుడిచి తర్వాతి పాఠం ఎత్తుకుంది.

ఇంతలో మునిసిపాలిటీ నుంచి దోన్యా ఇంటికి ఉత్తరం వచ్చింది. పెరట్లో కోడిపెట్టలు ఉండొచ్చుగానీ పుంజు ఉండకూడదట. పక్కింటి గోర్డీ ప్రూయిట్ ఫిర్యాదు చేశాడు. మా దోన్యా పుంజు పేరు లిసెన్సియాదో, అంటే ప్లీడరు గారు. ఎర్రటి తురాయి, మెడ ఎత్తి నడక, తెల్లవారకముందే వాదన మొదలు. విచారణకు రమ్మని తారీఖు వేశారు.

"నేనొచ్చి మాట్లాడతాలేమ్మా," అంది నెరేయిదా. ఆ పిల్ల ఆసుపత్రిలో పనిచేస్తుంది, ఇంగ్లీషు నీళ్లలా మాట్లాడుతుంది.

"నువ్వా? నేను పది మాటలు చెప్తే నువ్వు రెండు చెప్తావు. మిగతా ఎనిమిదీ ఏమైపోతాయే? నా కోడి, నా నోరు. పక్కన కూర్చో, చాలు."

ఆ రోజు పొద్దున్నే చర్చి బట్టలు వేసుకుని ముగ్గురం వెళ్లాము. అధికారి హాల్వర్సన్ అనే పెద్దావిడ. అటువైపు గోర్డీ, కళ్లు ఉబ్బి, ఆవలిస్తూ కూర్చున్నాడు. చెప్పమనగానే దోన్యా ఎదువీహెస్ లేచి, బల్ల మీద రెండు చేతులూ ఆనించి, ఇంగ్లీషులోనే అందుకుంది.

"మేడమ్, నాకు పుంజు ఉంది, ఆండ్ అది అందమైన పుంజు, బట్ అది అరుస్తుంది, బికాజ్ దానికి గడియారం లేదు, సో అది సూర్యుణ్ణి అడుగుతుంది, బట్ ఒక్కోసారి వీధి దీపాన్ని అడుగుతుంది..."

హాల్వర్సన్ మేడమ్ ప్రశ్న వేద్దామని నోరు తెరిచింది. "ఆండ్," అంది దోన్యా. మేడమ్ నోరు మూసింది. మళ్లీ తెరిచింది. "బికాజ్," అంది దోన్యా. ఆ మాటల మధ్య ఎక్కడా చుక్క లేదు. నెరేయిదా తల వంచుకుని భుజాలు కుదుపుకుంటూ నవ్వుతోంది.

"...ఆండ్ ఈ పక్కింటాయన మంచివాడు, బట్ ఫిర్యాదు రాశాడు, బికాజ్ ఆయన పొద్దున పడుకుంటాడు, బికాజ్ రాత్రంతా కోల్డ్ స్టోరేజీలో పెట్టెలు మోస్తాడు, ఆండ్ ఆయన నడుం నొప్పి, ఆండ్ ఆయనకి ఇంట్లో కాఫీ ఇచ్చే మనిషి లేదు, సో..."

అక్కడ ఆగింది. మొదటిసారి. గదిలో అందరం ఆ సో తర్వాత ఏమొస్తుందా అని చూస్తున్నాము. ఆమె గోర్డీ మొహం వంక చూసింది. అతనూ ఆవలింత మధ్యలో ఆపి చూస్తున్నాడు.

"సో ఆయన చెప్పింది రైటు," అని కూర్చుంది.

హాల్వర్సన్ మేడమ్ పెన్ను తీసి కాగితం మీద రాసుకుంది. పెట్టలు ఉండొచ్చు, పుంజుకి మాత్రం రెండు వారాల్లో వేరే చోటు చూడండి అని తీర్పు చెప్పింది.

బయటికి రాగానే నేను ఆగలేకపోయాను. "ఏం చేశావు కొమాద్రే? ఆయన తరఫున నువ్వే వాదించావేంటి?"

"ఏం చెయ్యను? సో అన్నాక ఏదో ఒకటి రావాలి కదా. వెనకాల చెప్పినవన్నీ చూసుకుంటే వేరేది ఏదీ అతకలేదు." కళ్లు తుడుచుకుంది. "స్పానిష్‌లో అయితే గెలిచేదాన్నే."

లిసెన్సియాదోని మా మరిది పొలానికి పంపాము. అక్కడ అర మైలు దూరం వరకు వినేవాళ్లే లేరు. అయినా వాదన మానలేదట.

తర్వాతి ఆదివారం గోర్డీ బుట్టెడు గుమ్మడికాయలు తెచ్చి కంచె దగ్గర నిలబడ్డాడు. థ్యాంక్యూ చెప్పి పోయి పడుకుందామని వచ్చాడు పాపం. దోన్యా ఎదువీహెస్ కాఫీ చేతికిచ్చి, కంచె మీద మోచేతులు ఆనించి, మేనత్త పెళ్లి ఇంగ్లీషులో మొదలుపెట్టింది. నేను చర్చికి వెళ్లి, పూజ పూర్తిగా విని, తిరిగొచ్చేసరికి కప్పు ఖాళీ అయిపోయి ఉంది. గోర్డీ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ ఇంకా అక్కడే నిలబడి, "ఆండ్?" అని అడుగుతున్నాడు.