పిడక దెబ్బ కాదన్నారు

పత్తి జిన్నింగ్ మిల్లుకు పోయిన మా అన్న ఈరన్న ఆ రోజు మధ్యాహ్నమే ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టేశాడు. క్యారియర్ మూత కూడా తీయలేదు. "మిషను నా పేరు పెట్టి తిడతాంది అమ్మీ" అన్నాడు. నేను నవ్వాను. అన్న నవ్వలేదు.

డెబ్బైల చివరి మాట ఇది. ఆదోనిలో ఉండేవాళ్ళం. అంతకు కొన్నాళ్ళ ముందే, ఉగాది మరుసటి రోజు, మా అమ్మ పుట్టిల్లు కైరుప్పలలో పిడకల పోరు చూడబోయి అన్న తలకు దెబ్బ తగిలించుకున్నాడు. రెండు పక్షాలుగా చీలి పిడకలు విసురుకోవడం ఆ ఊరి ఆచారం. దెబ్బకు గుడి విభూతి పూస్తే చాలని నమ్మకం. ఆ పిడక విసిరింది మేనమామ కొడుకు మద్దిలేటి. "వాని సెయ్యే నా కొడుకు తల సెడగొట్టింది" అని అమ్మ ఖాయం చేసుకుంది. పుట్టింటి గడప తొక్కడం మానేసింది.

కర్నూలు డాక్టరు "స్కిజోఫ్రీనియా. మాత్రలు ఆపొద్దు" అన్నాడు. మాత్రలకు అన్న చేతులు వణికేవి. ఉగాది రాగానే అమ్మ మాత్రలు ఆపించి విభూతి తెప్పించేది. నెల తిరక్కుండానే అన్న మళ్ళీ గోడతో మాట్లాడేవాడు. ఏటా ఇదే తంతు.

నాకు ఎమ్మిగనూరులో పెళ్ళయి కూతురు పుట్టాక, ఎనభైల్లో, అన్నను బెంగళూరు తీసుకుపోయాం. అక్కడ సీటీ స్కాన్ తీశారు. డాక్టరమ్మ నాకూ తీస్తానంది.

"జబ్బున్నవాళ్ళ తోబుట్టువులు హై రిస్క్ గ్రూపు. ఇంట్లో ఎవరికీ లేనివాళ్ళు హెల్దీ గ్రూపు. మెదడు లోపలి నీటి గదులు ఎవరికి ఎంత పెద్దగా ఉన్నాయో పోల్చి చూస్తున్నాం."

"దెబ్బ వల్ల కదమ్మా వచ్చింది?" అన్నాను.

"దెబ్బ గుర్తే లేదు. ఇది పిడక తెచ్చిన జబ్బు కాదు."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాకైతే ఆ దెబ్బే నిజమైతే బాగుండుననిపించింది. దెబ్బయితే జబ్బు అన్న దగ్గరే ఆగిపోతుంది. కాకపోతే? నా గతేంటి, నా బిడ్డ గతేంటి?

"నాకూ వస్తాదా?" అని అడిగేశాను.

"ఒక్కరి స్కాన్ చూసి చెప్పలేమమ్మా. చాలామందివి కలిపితేనే తేడా తెలిసేది. తోబుట్టువుల్లో ఎక్కువమందికి రాదు."

ఆ ఆఖరి మాట నా చెవికెక్కలేదు.

తిరిగొచ్చాక అమ్మ కైరుప్పల వెళ్ళింది. మామ అప్పటికే పోయాడు. ఆయన చావుకు కూడా వెళ్ళని మనిషి మా అమ్మ. మద్దిలేటి ఆమె కాళ్ళు పట్టుకుని, "ఇన్నేండ్లు నా సెయ్యే సేసిందనుకుంటి గదత్తా" అని బావురుమన్నాడు. అతని గుండె మీద బరువు దిగి నా నెత్తికెక్కింది.

ఇప్పుడు అమ్మ లేదు. అన్న మా ఇంట్లోనే ఉంటాడు. మాత్రలు వేసుకుంటాడు. మిల్లుకు మళ్ళీ పోలేదు. నాకు ఏ జబ్బూ రాలేదు. అయినా ఎవరు పిలిచినా "నీకూ వినబడిందా?" అని మా ఆయనను అడగందే లేవను. నేను చెప్పేది ఒక్కటే. ఎవరి చెయ్యి, ఎవరి కన్ను అని వెతుకుతూ కూర్చోకండి. డాక్టరు చెప్పందే ఏ పండక్కీ మాత్రలు ఆపకండి.

మొన్న మా ఆయన లేనప్పుడు బయట ఎవరో పిలిచినట్టయింది. కదలకుండా కూర్చున్నాను. మంచం మీంచి అన్న అన్నాడు, "లెయ్ అమ్మీ, నాకూ ఇనపడింది."

ఆ మాట నమ్మాలో వద్దో తెలియకుండానే లేచి తలుపు తీశాను. పక్కింటామె మజ్జిగకు చెంబు పట్టుకుని నిలబడి ఉంది. గడప మీదే కూలబడి ఏడ్చేశాను.