జరిగిన హద్దు పీపా

పగడపు దిబ్బల కాపలాదారుకు రేవులో ఎవరూ చేప అమ్మరు. నిరుడు సొంత బావమరిది చేపల వలను జప్తు చేశాడని కోపం. ఇంట్లో భార్య కూడా తమ్ముడి వైపే.

ఈ ఉదయం బావమరిది మళ్లీ వేట నిషేధించిన దిబ్బ మీదే వల వేశాడు. దాని నిండా చిలక చేపలు. పగడాన్ని కమ్మేసే నాచును గీరి తినేవి అవే.

"హద్దు పీపాకి బయటే ఉన్నా కదా బావా, కళ్లు కనపడట్లేదా?"

కాపలాదారు నీళ్లలోకి చూశాడు. నిషేధపు హద్దుకు గుర్తుగా తేలే పీపాకు కట్టిన లంగరు రాయి ఈడ్చుకొచ్చిన దారంతా పగడం విరిగి తెల్లగా కనబడుతోంది.

"పీపాని పడవకి కట్టి లాక్కొచ్చావురా, దొంగ వెధవా!"

"మా అక్కకి ఏ మొహం చూపిస్తావ్?"

"అది నా మొహం చూసి ఏడాదైంది."

చేపల్ని నీళ్లలోకి వదిలేసి, వలను తన పడవలో వేసుకున్నాడు. మధ్యాహ్నం తనే రెండు గుడ్లు ఉడకబెట్టుకున్నాడు.