కుక్కకు జడిసే బాబాయి

మా బాబాయికి కుక్కంటే భయం. అలాంటిలాంటి భయం కాదు. జీవితమంతా ఘాట్‌రోడ్ల మీద లారీ తోలిన బుర్రమీసాల మనిషి, వీధి చివర ముసలి నల్లకుక్క ఒళ్లు విరుచుకుంటే చాలు, "అమ్మో!" అని నా వెనక దాక్కునేవాడు. స్తంభం చాటున లారీ దాక్కున్నట్టుండేది.

అప్పట్లో నేను స్తంభం కన్నా సన్నం. హెచ్ఐవీ అని తేలాక ప్రింటింగు ప్రెస్సులో బైండింగు పని మానేసి మంచమెక్కాను. "మందుల పని మందులు చేస్తున్నాయి. నువ్వు నడవకపోతే మాత్రం ఉన్న కాస్త కండా కరిగిపోతుంది, తర్వాత లేవాలన్నా లేవలేవు" అంది డాక్టరమ్మ. అమ్మేమో "కదలకురా, నీరసం" అనేది. వదిన నా కంచం విడిగా పెట్టి, "బయటికెళ్తే నలుగురూ అడుగుతారు" అని గొణిగేది. అరికాళ్ల నిండా తిమ్మిర్లు. అయినా బతికి ఎవర్ని ఉద్ధరించాలని నడవడం? గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి.

తెల్లారేసరికి పక్కింట్లోంచి బాబాయి దిగబడేవాడు.

"ఒరేయ్, లే. పాల బూత్ దాకా తోడు రా."

"కాళ్లు రావట్లేదు బాబాయ్."

"నీ కాళ్లెవడిక్కావాలి? కుక్క మీదికొస్తే నా ముందు నిలబడ్డానికో మనిషి కావాలి."

"నన్ను కరిస్తే?"

"ఇన్ని మాత్రలు మింగేవాణ్ణి కరిస్తే దానికే వాంతులవుతాయి. పద!"

దారిలో ప్రెస్సు మేస్త్రీ నన్ను చూసి చూడనట్టు అవతలి పక్కకి దాటేవాడు. నాకు ప్రాణం చచ్చిపోయేది. ఇంటికి పోదామని వెనక్కి తిరిగేలోపు, కుక్క భౌమనేది. బాబాయి నా భుజాలు రెండూ గట్టిగా పట్టుకుని, "ముందుకు, ముందుకు! వెనక్కి తిరిగితే తరుముతుందిరా!" అని తోసేవాడు. ఆ రోజుల్లో నన్ను తాకే మనిషి ఆయనొక్కడే. అదీ కుక్క పుణ్యమే అనుకునేవాణ్ణి.

ఓ పొద్దున ఇక నావల్ల కాదనిపించింది. "నన్నొదిలెయ్ బాబాయ్. ఇలాగే పోనీ" అన్నాను.

ఆయన మీసాలు వాలిపోయాయి. "సరే. నన్ను కుక్క పీక్కుతిన్నాక తీరిగ్గా ఏడుద్దువుగాని" అని ఒక్కడే వెళ్లిపోయాడు.

కాసేపటికి వీధి చివర ఒకటే మొరుగుడు. గోడ పట్టుకుని లేచాను. అమ్మ వద్దంటున్నా వినకుండా, చెప్పులు కూడా వేసుకోకుండా, మంచమెక్కాక ఆ వీధిలో మొదటిసారి ఒక్కణ్ణే నడిచాను. ఎవరు చూశారో, ఎవరు దాటుకుపోయారో నాకు తెలీదు.

మలుపు దగ్గర బాబాయి నేలమీద చతికిలబడి ఉన్నాడు. కుక్క తల ఆయన ఒళ్లో ఉంది. బిస్కెట్టు ముక్క చేసి దాని నోట్లో పెడుతూ చీవాట్లేస్తున్నాడు.

"ఇప్పుడు మొరిగి ఏం లాభమే? వాడు రాలేదుగా! వాడు వెనక్కి తిరిగినప్పుడు మొరగాలని ఎన్నిసార్లు చెప్పాను?" అన్నాడు. కళ్లు తుడుచుకుంటున్నాడు.

నాకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. అది దగ్గయి బయటపడింది.

బాబాయి ఉలిక్కిపడి చూశాడు. నన్నూ, నా వట్టి కాళ్లనూ, నా వెనక ఖాళీ వీధినీ చూశాడు. మరుక్షణం "అమ్మో!" అని నా వెనక చేరాడు. కుక్క తోకాడిస్తూ చుట్టూ తిరిగొచ్చి, ఆయన జేబులో మూతి దూర్చింది.

"చూశావా, ఎలా మీద పడుతోందో!"

"చూశాను" అన్నాను, ఆయన చేతులు తీసి నా భుజాల మీద వేసుకుంటూ. "భయపడకు బాబాయ్. నేనున్నాగా, నడు."