‘ఏటి’ అనే కమాండు

మా ఇంట్లో కంప్యూటరుకి మా ఆయన ఒక మాట నేర్పారు. నల్లటి తెర మీద ఇంగ్లీషులో ఈ, టీ, ఐ అని మూడక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కాలి. అది కాసేపు ఆలోచించి ఒక ఈమెయిల్ అడ్రసు రాసిస్తుంది. నోరు తిరగని అక్షరాల అడ్రసు. అది ఎవరిదీ కాదు, ఓ గంటసేపు మాత్రం మనది. ఆ గంటలో దానికి వచ్చిన మెయిళ్లు అదే తెర మీద చదువుకోవచ్చు. తర్వాత అడ్రసూ ఉండదు, మెయిళ్లూ ఉండవు.

ఆయన ఆదిత్యపూర్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకుంటారు. ఇది ఉత్తరాన, హిందీ మాట్లాడే ఉక్కు ఫ్యాక్టరీల ఊరు. ఆ కమాండు నడిపే స్క్రిప్టు మొత్తం తనే రాయలేదు. నెట్‌లో ఎవరో పుణ్యాత్ములు రాసి పెట్టినదాన్ని దించుకుని, మాకు కావలసినట్టు మార్చారు. పేరు మాత్రం సొంతంగా పెట్టారు. "కుక్కరు కూసినా మా అమ్మ ఏటి అంటాది. గేటు చప్పుడైనా ఏటి అంటాది. ఇదీ అంతే. ఏటొచ్చిందో చూసి చెప్తాది" అన్నారు.

అది నా కోసమే చేశారు. పాప పుట్టిన కొత్తలో పిల్లల పెంపకం గురించి చెప్పే ఒక సైటుకి నా అసలు ఈమెయిల్ ఇచ్చాను. అప్పట్నుంచీ వారం వారం ఒక మెయిలు. మీ పాప ఈపాటికి బోర్లా పడుతోందా? వేలితో చూపిస్తోందా? పడకపోతే, చూపించకపోతే అని కింద ఇంకో పేరా ఉండేది. నేను ఆ పేరాయే ముందు చదివేదాన్ని. ఒక సైటు చెప్పింది చాలక ఇంకో సైటుకి వెళ్లేదాన్ని, అక్కడా ఈమెయిల్ అడిగేవారు. చివరికి ఫోను కుయ్‌మన్నప్పుడల్లా చేస్తున్న పని వదిలేసి పరిగెత్తేదాన్ని. మా ఆయన తిట్టలేదు, చదవొద్దనీ అనలేదు. ఒక ఆదివారం కూర్చుని ఈ కమాండు చేసిపెట్టారు. "ఎంత చదవాలంటే అంత చదువుకో. గంటయ్యాక వాళ్లకి నువ్వెవరో తెలీదు" అన్నారు. నాకు తెలిసి ఏ మొగుడూ భార్య దిగులుకి ఇలాంటి మందు తెచ్చి ఉండడు. అది పనిచేసింది కూడా. నేను రోజూ ‘ఏటి’ కొట్టేదాన్ని. చదివేదాన్ని, భయపడేదాన్ని. మర్నాటికి ఆ భయం వెంటబడి వచ్చేది కాదు.

ఒక్క భయం మాత్రం వెళ్లలేదు. పాపకి రెండేళ్లు దాటాయి, మాటలు రాలేదు. అమ్మా అనదు, నాన్నా అనదు. ఎదురింటి బెంగాలీవాళ్ల అబ్బాయి దీనికంటే చిన్నవాడు, ఆటోవాడితో బేరమాడేవాడు. మా పాప నోట్లోంచి వచ్చేది ఒకటే శబ్దం, "టీ". పొద్దున లేస్తే టీ, స్నానానికి తీసుకెళ్తే టీ. అది వినబడగానే మా అత్తగారు బిస్కెట్టు తన టీలో ముంచి నోట్లో పెట్టేవారు. పాప తినేసి మళ్లీ "టీ" అనేది.

"అత్తా, దానికి టీ అలవాటు చెయ్యకండి" అనేదాన్ని.

"నానేటి సేసినానమ్మా? అదే అడుగుతంది. ఈ ఊరి నీళ్లు అలాటివి. పుట్టగానే సాయ్ కొట్టు కాడికెల్లిపోతారు."

మా పక్కనే ఉన్న బిష్టుపూర్‌లో ఒక క్లినిక్‌కి, పిల్లల మాటలు చూసే డాక్టరమ్మ నెలకోసారి కలకత్తా నుంచి వస్తారని తెలిసింది. ఫోన్ చేసి టైము తీసుకోవచ్చు. కానీ నాది పార్వతీపురం చదువు. పెళ్లై ఈ ఊరొచ్చాక నేర్చుకున్న హిందీ కూరగాయల దాకా సరిపోతుంది, పాపకి మాటలు రావడం లేదని చెప్పడానికి సరిపోదు. మా ఆయన్ని ఫ్యాక్టరీ లోపలికి ఫోను తీసుకెళ్లనివ్వరు, ఇంటికొచ్చేసరికి క్లినిక్ మూసేస్తారు. అందుకని వాళ్ల వెబ్‌సైటులో ఫారం నింపాను. ఫోను నంబరు ఇవ్వకపోయినా పరవాలేదని ఉంటే, హిందీలో ఫోన్ వస్తుందేమోనని ఆ గడి ఖాళీగా వదిలేశాను. ఈమెయిల్ గడి దగ్గరికి రాగానే నా చెయ్యి అలవాటు ప్రకారం తెర మీద పక్క కిటికీకి వెళ్లి ‘ఏటి’ కొట్టింది. వచ్చిన అడ్రసు తెచ్చి అక్కడ అతికించాను. ‘టైము ఖాయం చేసి ఒకటి రెండు రోజుల్లో మెయిల్ పంపుతాం, అందులో సరే అని నొక్కండి’ అని వచ్చింది. చాలా తేలిగ్గా ఉందనుకున్నాను.

మర్నాడు బియ్యం కడుగుతుంటే తట్టింది. ఒకటి రెండు రోజుల్లో అన్నారు. నా అడ్రసు బతికేది గంట.

సాయంత్రం ఆయన వచ్చీ రాగానే చెప్పాను. చెప్పులు కూడా విప్పకుండా కంప్యూటరు ముందు కూర్చుని ఏవేవో కొట్టి చూశారు. "పోయిన అడ్రసు పోయినట్టే. దాన్ని మళ్లీ తీసుకురావడం కుదరదు" అన్నారు. మరీ నెమ్మదిగా అన్నారు. ఈసారి డాక్టరమ్మ వచ్చేది ఎల్లుండే. అది తప్పితే ఇంకో నెల.

మా అత్తగారు వంటింట్లోంచి వచ్చారు. "ఏటి? ఏటైందిరా? ఆ పిల్ల మొకం అలాగెట్టిందేటి?"

"ఏం లేదమ్మా. పాప పేరు టెంపరరీ దాంట్లో ఇచ్చింది. ఆ జవాబు మనకి రాదు."

ఆవిడ చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. "టెంపరరీలోనా? పసిగుంటని టెంపరరీలో రాయించేసినారా?"

ఈ ఊళ్లో ఆ మాటకి వేరే బరువుంది. మా మామగారు బతికినన్నాళ్లూ కాంట్రాక్టరు కిందే పనిచేశారు, టెంపరరీ గేటు పాసు మీద. గడువు దాటిన రోజున, నిన్నటిదాకా నవ్వి పలకరించిన గార్డే గేటు దగ్గర ఆపేసేవాడట. పర్మనెంటు అవుతాది, అవుతాది అంటూనే ఆయన వెళ్లిపోయారు. మా అత్తగారికి లోకంలో మనుషులు రెండు రకాలు, పర్మనెంటు, టెంపరరీ.

"అది ఈమెయిల్ అమ్మా, ఉద్యోగం కాదు" అని మా ఆయన నవ్వబోయారు.

"ఏదైనా అంతేరా. గడువైపోతే నువ్వెవరో వాళ్లకి తెల్దు. మీ నాన్నని సూసి కూడా నేర్సుకోలేదేటి నువ్వు?"

ఆయన నవ్వు ఆగిపోయింది. ‘గంటయ్యాక వాళ్లకి నువ్వెవరో తెలీదు’ అని నాకు ధైర్యం చెప్పిన మాట, తిరిగొచ్చి ఆయనకే తగిలింది. అత్తగారు నా వైపు తిరిగి, "ఏడవకు. ఎల్లుండి మనిద్దరమే ఎల్దాం. నాను మాటాడతాను" అన్నారు.

వెళ్లాం. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి కంప్యూటరు చూసి, "మెయిల్ భేజా థా మేడమ్. ఆప్‌నే కన్ఫర్మ్ నహీ కియా" అంది. వాళ్లు మెయిల్ పంపినా మేము సరే అని నొక్కలేదు కాబట్టి ఆ టైము వేరేవాళ్లకి ఇచ్చేశారట. నేను హిందీ వెతుక్కుంటుండగా అత్తగారు బల్ల మీద రెండు చేతులూ పెట్టి నిలబడ్డారు.

"బేటీ, హమారా గుంట కో టెంపరరీ మే లిఖ్ దియా. గల్తీ హో గయా. తుమ్ పర్మనెంట్ కర్ దో."

పొరపాటైంది, పిల్లని పర్మనెంటు చెయ్యమని అడిగేసరికి ఆ అమ్మాయి మొదట తెల్లబోయింది. తర్వాత నవ్వింది. వాళ్లింట్లో కూడా ఎవరో గేటు పాసు మనిషి ఉండి ఉంటారు. "బైఠియే దాదీ" అని కుర్చీలు చూపించింది. అందరూ అయిపోయాక, మధ్యాహ్నం దాటి మమ్మల్ని లోపలికి పిలిచారు.

డాక్టరమ్మ పాప వెనక నిలబడి చిన్న గంట మోగించారు. పాప తిరిగి చూసింది. బొమ్మ తెమ్మంటే తెచ్చింది, నేను తెలుగులో చెప్పినా, ఆవిడ హిందీలో చెప్పినా. ఏమైనా మాట అంటుందా అని అడిగారు. టీ ఒక్కటే అంటుందని సిగ్గుపడుతూ చెప్పాను. ఆవిడ సిగ్గుపడాల్సిందేం లేదన్నట్టు తలూపి, నాకు అర్థమయ్యేలా మెల్లగా హిందీలో ఒక మాట చెప్పారు. పాప శబ్దం చేసినప్పుడు దాని నోరు చూడకండి, కళ్లు ఎటు చూస్తున్నాయో చూడండి. వచ్చే నెల మళ్లీ రండి.

బయట ఆ అమ్మాయి ఈమెయిల్ అడిగింది. నా పేరూ ఇంటిపేరూ ఉన్న అసలు అడ్రసు ఒక్కో అక్షరం చెప్పాను. "పర్మనెంటేనా?" అని అత్తగారు నా చెవిలో అడిగారు. పర్మనెంటే అన్నాక కానీ బల్ల దగ్గర్నుంచి కదల్లేదు.

ఆ సాయంత్రం మా ఆయన కంప్యూటరు తెరిచి, "ఈ స్క్రిప్టు తీసేస్తాను" అన్నారు. ఎందుకు, పాపం, అదేం చేసింది అన్నాను. పాప ఆయన ఒళ్లోకెక్కింది. దానికి చూపించడానికి మూడక్షరాలూ కొట్టారు. నల్లటి తెర మీద కొత్త అడ్రసు ఆకుపచ్చగా మెరిసింది. పాప దాని మీద వేలు పెట్టి, "టీ?" అంది.

"వత్తన్నానమ్మా, బిస్కెట్టు తెత్తన్నా" అని వంటింట్లోంచి అత్తగారు.

నేను దాని కళ్లు చూశాను. అవి వంటింటి వైపు లేవు. తెర మీదున్నాయి, అక్కడ్నుంచి వాళ్ల నాన్న మొహం మీదికి వెళ్లాయి. అక్కడే ఆగి ఎదురుచూశాయి. ఆ శబ్దం చివర పైకి లేచి ఆగింది. ఇంట్లో నేను రోజూ వినే పద్ధతే అది.

"మీరు ఒకసారి ఏటి అనండి" అన్నాను.

"ఏటి?"

"ఏ... టీ?" అంది పాప, ఈసారి వేలు ఫ్యాను వైపు పెట్టి.

"ఫ్యాను" అన్నాను. అది మంచం వైపు చూపించింది. "టీ?" మంచం అన్నాను. కిటికీ, బకెట్టు, నాన్న చెప్పులు. అత్తగారు బిస్కెట్టు పట్టుకుని వచ్చారు. పాప దాన్ని తినలేదు, దాని మీద వేలు పెట్టి ఆవిడ మొహంలోకి చూస్తూ అడిగింది. "టీ?"

ఆవిడ అక్కడే కూలబడ్డారు. "ఓలమ్మ! అది ఏటీ ఏటీ అని అడుగుతంటే, ఇన్నాళ్లూ టీ పోసినామేటి దానికి!"

మేం నవ్వుతుంటే పాప మా ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. దాని ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. చివరికి మా ఆయనే కళ్లు తుడుచుకుని, "బిస్కెట్టు" అన్నారు. అప్పుడు తింది.

స్క్రిప్టు అలాగే ఉంది. నేను ఇప్పటికీ భయపడి చదవాల్సినవి దాంతోనే చదువుతాను. ఇవాళ నా అసలు అడ్రసుకి క్లినిక్ నుంచి మెయిల్ వచ్చింది. ఫోను కుయ్‌మంది. అత్తగారు "ఏటొచ్చింది?" అనేలోపే నేల మీద ఆడుకుంటున్న పాప తలెత్తి అడిగేసింది. డాక్టరమ్మ మనల్ని రమ్మన్నారమ్మా అని చెప్పి, సరే అని నొక్కాను. పాప ఇప్పుడు నా పక్కన నిద్రపోతోంది. రేపు లేవగానే ఏం అడుగుతుందో తెలుసు, ఎన్నిటి పేర్లు చెప్పాలో మాత్రం తెలియదు.