అభా కొండల మీద మా చక్రాల గది

పోయిన శుక్రవారం అభా ఊరి బయట కొండ మీది పార్కు పక్కనుంచి వస్తూ, మంచులో వరసగా నిలబెట్టిన క్యాంపింగ్ ట్రైలర్లను చూసి నా పికప్ పక్కకు తీసి ఆపాను. అన్నీ ఫ్యాక్టరీలో తయారైనవే, తెల్లగా, నున్నగా ఉన్నాయి. చూడవచ్చిన వాళ్లంతా కిటికీల్లోంచి లోపలి పరుపులు చూస్తుంటే, నేను మాత్రం వంగి ఇరుసు ఎక్కడ బిగించారో చూశాను. యజమాని నన్ను అనుమానంగా చూశాడు. సలాం చెప్పి వచ్చేశాను కానీ, ఆ వంగడంలోనే పాతికేళ్ల కిందటి సంగతంతా ఒక్కసారిగా మీద పడింది. నా ఈడు వాళ్లకు, గల్ఫులో వెల్డింగు రాడ్డు పట్టిన వాళ్లకు ఇది చెప్పుకోవాలనిపించింది.

నన్ను సౌదీకి తెప్పించింది మా మేనత్త కొడుకు, బావ. తను అప్పటికి ఐదేళ్లుగా ఇక్కడ గేట్లు, షెడ్లు చేసే ఒక వర్క్‌షాపులో ఉన్నాడు. మా కఫీలుకు, అంటే మమ్మల్ని వీసా మీద తెచ్చుకున్న యజమానికి, నమ్మకస్తుడు. సౌదీ అంటే ఎండేనని పల్చటి చొక్కాతో జగిత్యాల నుంచి వచ్చి దిగిన నేను అభా చలికి వణికిపోతుంటే, ఎయిర్‌పోర్టు బయట తన ఒంటి మీది స్వెటర్ విప్పి నాకు తొడిగి, తను చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి ఆయన. అందుకే తర్వాత జరిగింది నాకు అంత లోతుగా దిగింది.

ఎనిమిది మందిమి ఒకే గదిలో ఉండేవాళ్లం. కిటికీ ఉండేది కానీ అది పక్కింటి గోడకు ఆనుకుని ఉండేది. సౌదీ కుటుంబాలు శుక్రవారాలు కొండల్లో గుడారాలు వేసుకోవడం చూసి, మనమూ ఒక చక్రాల గది చేసుకుంటే ఎలా ఉంటుందని బావతో నేనే ముందు అన్నాను. కొనడానికి మా దగ్గర ఏముంది కనుక! కఫీలు చెత్తలో వేయమన్న ముక్కలే మా సామాను. పాడైన పికప్ వెనక ఇరుసు, షెడ్డు విప్పితే మిగిలిన చదరపు పైపులు, స్లాబులకు వాడి పారేసిన ప్లైవుడ్డు, ఏసీ డబ్బాల్లోని థర్మాకోల్, హోటల్ వంటగదిలోంచి పీకేసిన రేకులు. డ్యూటీ అయ్యాక సాయంత్రాలు, మూడు నెలలు పట్టింది. గీతలు గీసింది నేను, కోసింది నేను, అతుకు పెట్టింది నేను. బావ పట్టుకునేవాడు, చాయ్ తెచ్చేవాడు, కఫీలును అడిగి శుక్రవారాలకు పికప్ ఇప్పించేవాడు. అది తక్కువ పని అని నేనప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనను.

మొదటిసారి లాగినప్పుడు ట్రైలర్ వెనకభాగం పాములా అటూ ఇటూ ఊగింది. బరువంతా ఇరుసుకు వెనక పడిందని నాకు అర్థమై, మర్నాడు ఇరుసు కోసి జానెడు వెనక్కి జరిపి మళ్లీ అతికాను. ఆ తర్వాత అది పెంపుడు మేకలా వెంట వచ్చింది. పై శుక్రవారం మేమిద్దరం కొండ మీద జునిపర్ చెట్ల మధ్య దాన్ని నిలిపి, తలుపు తెరిచి పెట్టుకుని పప్పన్నం తిన్నాం. మబ్బు మా ఒళ్లోంచి వెళ్లింది. బావ కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. నాకు సౌదీలో అంతటి సంతోషం మళ్లీ రాలేదు.

శనివారం కఫీలు పిల్లలు దాన్ని చూసి ఎక్కి దిగడం మొదలుపెట్టారు. కఫీలు చుట్టూ తిరిగి, తలుపు వేసి తీసి, ఇది చేసిందెవరని అరబ్బీలో అడిగాడు. నేను రాడ్డు కింద పెట్టి లేచేలోపే బావ ముందుకు వెళ్లి, “అనా,” అన్నాడు. నేనే అని. మరి ఇతను అని కఫీలు నా వైపు చూపించాడు.

“హాదా ముసాయిద్,” అన్నాడు బావ. సహాయకుడు.

ఆ వారంలోనే కఫీలు ఇలాంటివి చేయించి అమ్ముతానని, బావను కొత్త షెడ్డుకు పెద్దను చేశాడు. ఇఖామాలో, అంటే నివాస కార్డులో, వృత్తి మార్పించి, వేరే గది ఇచ్చి, భార్యను విజిట్ వీసా మీద తెప్పిస్తానన్నాడు. నాకూ పెళ్లయి రెండేళ్లే. ఆ రెండేళ్లలో నేను నా భార్యతో ఉన్నది నలభై రోజులు. బావ పెట్టె సర్దుకుంటుంటే వెళ్లి నిలబడ్డాను.

“బావా, నన్ను ముసాయిద్ అంటివేందే?”

బావ తల ఎత్తలేదు. “ఇద్దరం జేసినమంటే ఇద్దర్ని కూసోబెడ్తడా? ఆడ ఒక్కనికే జాగ ఉండె బామ్మర్దీ. నీకింకా దినాలున్నయ్. నాకు లెవ్వు.”

“నన్ను అడిగితే నేనే ఇస్తుంటి గదనే!”

“అడుగుడే శాతగాలె,” అన్నాడు, చాలా మెల్లగా.

కొత్త షెడ్డులో బావ చేసిన మొదటి ట్రైలర్‌కు ఇరుసు సరిగ్గా నడిమధ్య పెట్టాడు, వంట సామాను పెట్టెను వెనక బిగించాడు. ఘాట్ దిగేటప్పుడు అది ఊగి ఊగి రెయిలింగుకు కొట్టుకుంది. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు. బావ నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చేతిలో టేపు ఉంది. నేను ఆ షెడ్డుకు వెళ్లకపోతే నిజం దానంతటదే బయటపడేది, బావ వీసా రద్దయి ఎక్సిట్ మీద ఇంటికి పోయేవాడు. అది తెలిసే వెళ్లాను. కఫీలు చూస్తుండగానే ఇరుసు కోసి, కొలిచి, వెనక్కి జరిపి అతికాను. బావ పక్కన నిలబడి టేపు చివర పట్టుకున్నాడు. కఫీలు ఒకసారి నన్ను, ఒకసారి ఆయనను చూశాడు. అతనికి అంతా అర్థమైందని అతని కళ్లు చూస్తేనే తెలిసింది. కానీ వచ్చి నా భుజం తట్టి, “జైన్, యా ముసాయిద్,” అని వెళ్లిపోయాడు. బాగుంది సహాయకుడా అని. బావ అబద్ధం చెప్పాడు. ఇతను నిజం తెలిసీ అబద్ధాన్నే ఉంచుకున్నాడు. ఏది ఎక్కువ నొప్పో నేను ఇన్నేళ్లయినా తేల్చుకోలేదు.

అక్క, అంటే బావ భార్య, విజిట్ మీద వచ్చినప్పుడు అన్నానికి రమ్మని మూడుసార్లు కబురు పెట్టింది. ఆమెకు ఏమీ తెలియదు. నేను వెళ్లలేదు. ఆ తప్పు మాత్రం నాదే. తర్వాత వేరే కఫీలు దగ్గరికి మారిపోయాను. బావ ఐదారేళ్లకు ఎక్సిట్ కొట్టించుకుని వెళ్లాడు. వెళ్లే ముందు వచ్చాడట, నేను పనిలో ఉన్నాను. ఊళ్లో పెళ్లిళ్లలో ఎదురైతే బాగున్నావా అంటే బాగున్నానంటాం, అంతే.

ఇప్పుడు మా కార్మికుల క్యాంపులో గదికి ఇద్దరే. ఎవరి మంచం వాళ్లది, ఎవరి ఫోను వాళ్లది, ఎవరి అన్నం వాళ్లకు పార్సిల్లో వస్తుంది. నా గదిలో ఉన్నతను ఏ జిల్లావాడో తెలుసుకోవడానికే నాకు నెల పట్టింది. ఎవరూ ఎవరినీ సాయం అడగరు, కనుక ఎవరూ ఎవరినీ దగా చేయరు. నిశ్చింతగా ఉండాల్సిందే. కానీ ఆ పార్కు నుంచి తిరిగి వస్తూ, దారి పొడుగునా నాకు ఒకటే అనిపించింది. ఇక్కడ ఇప్పుడు నన్ను మోసం చేయగలిగినంత దగ్గరివాళ్లు నాకెవరూ లేరు.