లైల్ తప్పుగా పెట్టిన పావు డాలరు

లైల్ కొలారిక్ సైన్యంలో రెండేళ్ళు వంటవాడిగా పనిచేశాడు, అదీ జర్మనీలో. యుద్ధం మొహం చూడలేదు. మా నెబ్రాస్కా ఊరి బీరు కొట్లో అతను అడుగుపెట్టగానే ఎవడో ఒకడు, "లైల్, ఎన్ని బంగాళదుంపల్ని చంపావురా?" అని అడిగేవాడు. "లొంగిపోయినవాటిని కూడా వదల్లేదు" అనేవాడు లైల్, నవ్వకుండా.

తిరిగొచ్చాక సైనికుల శ్మశానంలో గడ్డి కోసే పనిలో చేరి, ముప్పై ఒక్క ఏళ్ళు అక్కడే ఉండిపోయాడు. గేటు పక్కన పూలకొట్టు నాది. అతని చాదస్తం రోజూ చూసేదాన్ని. కోత యంత్రం ఏ రాయినీ గీరకూడదని అంచుల్లో గడ్డి మోకాళ్ళ మీద కూర్చుని కత్తెరతో కోసేవాడు.

ఇక్కడికి వచ్చినవాళ్ళు సమాధిరాళ్ళ మీద నాణేలు పెట్టి పోతారు. సెంటు పెడితే ఊరికే చూసి వెళ్ళానని. ఐదు సెంట్లయితే కలిసి శిక్షణ పొందామని, పది సెంట్లయితే కలిసి పనిచేశామని. పావు డాలరు పెట్టాడంటే, ప్రాణం పోయే వేళ తాను పక్కనే ఉన్నాడని. కొందరు తమ దళం ముద్ర వేసిన స్మారక నాణెం కూడా ఉంచుతారు. అంచులు కోసేముందు లైల్ వాటిని తీసి టోపీలో వేసుకుని, పని కాగానే తిరిగి పెట్టేవాడు.

ఒపల్ సెడ్లాక్ కొడుకు డ్వేన్ వియత్నాంలో పోయాడు. సైన్యం పంపిన టెలిగ్రాంలో పోయాడన్న ముక్క తప్ప ఇంకేమీ లేదు. వాడు బాధపడ్డాడా, చివర్లో ఏమైనా అన్నాడా అన్నది తెలుసుకోవాలని నలభై ఏళ్ళుగా ఆవిడ కోరిక. ప్రతి ఆదివారం వచ్చి వాడి రాయి మీద పావు డాలరు కోసం వెతుక్కునేది. ఎప్పుడూ సెంట్లే.

రెండువేల ఎనిమిది మే నెలాఖర్లో, సైనికుల స్మారక దినం అయిన మర్నాడు, డ్వేన్ రాయి మీద పావు డాలరు కనిపించింది. ఒపల్ నా కొట్టుకొచ్చి వేలితో అటు చూపించింది. ఆ మర్నాటి నుంచి మడత కుర్చీ వేసుకుని సమాధి దగ్గరే కూర్చుంది. ఒళ్ళో గుడ్డ కప్పిన పళ్ళెం, అందులో ఆల్‌బుఖారా పళ్ళ మురబ్బా పెట్టిన కొలాచీ రొట్టెలు.

"మళ్ళీ వస్తాడు. అంతదూరం నుంచి వచ్చేవాడికి ఆకలేస్తుంది కదా" అనేది. ఆవిడకి ఎనభై మూడేళ్ళు. మిగిలిన రొట్టెలు సాయంత్రం లైల్ తినేవాడు.

రెండోవారంలో లైల్ యంత్రానికి ఏదో టంగుమని తగిలింది. పక్క రాయికి మూరెడు దూరంలో, గడ్డిలో ఒక దళం నాణెం. దాన్ని పట్టుకుని నా కొట్టుకొచ్చి కూలబడ్డాడు.

"ఆ రోజు ఇదీ ఆ పావు డాలరూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి, యూల్ అనే కుర్రాడి రాయి మీద. ఇప్పుడు గుర్తొచ్చింది. రెండు రాళ్ళవీ ఒకే టోపీలో వేశాను. ఇది జారిపోయింది, అది డ్వేన్ మీద పెట్టేశాను."

"నోరు మూసుకుని ఊరుకో. ఆవిడింకెన్నాళ్ళుంటుంది?" అన్నాను.

"రేపు అది పెట్టినవాడొస్తే? డ్వేన్ ఎవరో తనకి తెలీదని ఆవిడ మొహం మీదే అంటాడు."

అతను టోపీ తీసి చేత్తో పట్టుకుని వెళ్ళాడు. నేను వెనకే నడిచాను. ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

ఒపల్ ఒళ్ళో పళ్ళెం మీది గుడ్డ సరిచేసింది. తర్వాత, "వంటవాడివి అనిపించుకున్నావు. ఉప్పుకి బదులు చక్కెర వేశావు" అంది.

"క్షమించండి ఒపల్ గారూ."

"ఆ పక్క పిల్లాడికి ఎవరున్నారు?"

"ఎవరూ లేరండీ. అనాథాశ్రమంలో పెరిగాడట. ఇన్నేళ్ళలో ఒక పువ్వు పెట్టినవాళ్ళని నేను చూళ్ళేదు."

ఆవిడ లేచి, డ్వేన్ రాయి మీది పావు డాలరు తీసి, యూల్ రాయి మీద పెట్టింది. వెంటనే చెయ్యి తియ్యలేకపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఇక ఇంటికి వెళ్ళిపోతుందనుకుని లైల్ కుర్చీ మడిచి కారు వైపు నడిచాడు.

"ఎక్కడికి మోసుకుపోతున్నావు? ఇటు తెచ్చి వెయ్యి" అంది ఒపల్, యూల్ రాయి పక్కన చోటు చూపిస్తూ. "ఆ పావు డాలరు పెట్టినతనొచ్చి చెప్తే, ఈ పిల్లాడి తరఫున వినడానికి ఒకరుండొద్దూ?"